‘టు పింప్ ఎ బటర్‌ఫ్లై’ని మొదటి నుంచి చివరి దాకా ఎలా వినాలి?

అమెరికన్ రాపర్ కెండ్రిక్ లమార్ పాడిన ‘ఆల్‌రైట్’ మీరు వినే ఉంటారు. 2015లో అమెరికాలో పోలీసు హింసకు వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చిన జనం దాని పల్లవిని నినాదంగా అందుకున్నారు. ఆ ఊపులో ఆ పాట ఉన్న ఆల్బమ్ ‘టు పింప్ ఎ బటర్‌ఫ్లై’ తెరిచినవాళ్లకు రెండో ట్రాకుకే దిక్కు తోచదు. ఎవరో ఆడమనిషి తిట్ల దండకం అందుకుంటుంది, వెనక పియానో పరుగులు తీస్తుంది, గాయకుడు గుక్క తిప్పుకోకుండా దానికి జవాబు చెబుతుంటాడు. తీరిగ్గా విందాం లే అని పక్కన పెడతారు. ఆ తీరిక మళ్లీ దొరకదు.

అలా పక్కన పెట్టినవాళ్ల కోసం ఈ వ్యాసం. సామాజిక స్పృహ ఉన్న హిప్‌హాప్ అనగానే సర్కారునూ పోలీసులనూ డబ్బున్నవాళ్లనూ నిలదీసే పాటలు అనుకుంటాం. ఈ ఆల్బమ్‌లోనూ ఆ నిలదీత దండిగా ఉంది. అయితే ఇక్కడ అందరికంటే ముందు బోనెక్కేది పాడేవాడే. నా ఉద్దేశంలో ఈ ఆల్బమ్‌కు తాళంచెవి అదే.

ముందుగా: సమయం, సాధనం

మొత్తం 16 ట్రాకులు, దాదాపు 79 నిమిషాలు. ఒకే విడతలో వినగలిగే సాయంత్రం చూసుకోండి. కుదరకపోతే ఏడో ట్రాకు ‘ఆల్‌రైట్’ అయ్యాక ఆపి, మర్నాడు ఎనిమిదో ట్రాకు నుంచి మొదలుపెట్టండి. ఆరో ట్రాకు తర్వాత మాత్రం ఆపొద్దు. ఎందుకో కింద చెబుతాను.

మనకు పాటంటే సినిమా పాట. క్యాసెట్ల కాలం నుంచీ నచ్చిన రెండు పాటలు వెనక్కి తిప్పి తిప్పి వినడం, మిగతావి దాటేయడం మన అలవాటు. అందువల్ల మనకు పోయేదేమీ లేదు, పాటల మధ్య కథ తెరమీద ఉంటుంది కాబట్టి. ఇక్కడ ఆ కథ కూడా పాటల్లోనే ఉంది. ఒక పాట చివరి అరనిమిషంలో, ఇంకో పాట నడుమ వినిపించే తలుపు చప్పుడులో దాక్కుని ఉంటుంది. కాబట్టి ఫోనులో షఫుల్ మీట ఆపేయండి. ఒక పాట తోకను మరో పాట తలతో కలిపేసే క్రాస్‌ఫేడ్ సదుపాయం ఉంటే అదీ ఆపండి.

ఫోను స్పీకరు మీద వినకండి. ఈ సంగీతానికి వెన్నెముక బేస్ గిటార్. దాన్ని చాలా చోట్ల వాయించినవాడు థండర్‌క్యాట్ అనే కళాకారుడు. చిన్న స్పీకరులో ఆ కింది స్థాయి స్వరాలు మాయమై, పైన మాటల గోల మాత్రం మిగులుతుంది. మామూలు ధరకు దొరికే హెడ్‌ఫోన్లు చాలు.

హెడ్‌ఫోన్లకు ఇంకో కారణం కూడా ఉంది. ఇందులో బూతులు ఎక్కువ. హాల్లో పెద్దవాళ్లు కూర్చుని ఉండగా పెట్టదగిన ఆల్బమ్ కాదు. బూతులు కోసేసిన ప్రతి కూడా దొరుకుతుంది గానీ దాని జోలికి వెళ్లకండి. కోపంతో వాగేవాడి నోరు మూసేస్తే ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

పావుగంట నేపథ్యం

ఇంతకు మించి చదవక్కర్లేదు. లాస్ ఏంజెలెస్‌కు దక్షిణాన కాంప్టన్ అనే చిన్న నగరం ఉంది. బ్లడ్స్, క్రిప్స్ అనే రెండు ముఠాల పోరుకు పేరు పడ్డ చోటు. కెండ్రిక్ 1987లో అక్కడ పుట్టాడు. అతనికి ఎనిమిదేళ్లున్నప్పుడు రాపర్లు డాక్టర్ డ్రే, టూపాక్ షకూర్ కలిసి తమ పాట వీడియో కోసం కాంప్టన్‌కు వస్తే, తండ్రి వెంట వెళ్లి ఆ చిత్రీకరణ చూశాడు. టూపాక్ తల్లి అఫెనీ షకూర్ నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీలో పనిచేసిన మనిషి. టూపాక్ 1996 సెప్టెంబరులో లాస్ వెగాస్‌లో తుపాకి కాల్పులకు బలై, 25 ఏళ్లకే చనిపోయాడు. ఈ పేరు గుర్తు పెట్టుకోండి, ఆల్బమ్ చివర అతనితో పని ఉంది.

2012లో వచ్చిన ఆల్బమ్‌తో కెండ్రిక్‌కు పేరూ డబ్బూ వచ్చాయి. అతను ఊళ్లు తిరుగుతుంటే కాంప్టన్‌లో స్నేహితులు చనిపోతూనే ఉన్నారు. 2014లో దక్షిణాఫ్రికా వెళ్లి కచేరీలు చేశాడు, నెల్సన్ మండేలా 18 ఏళ్లు ఖైదీగా ఉన్న రాబెన్ దీవి చూశాడు. అదే ఏడాది జులైలో న్యూయార్క్‌లో ఎరిక్ గార్నర్, ఆగస్టులో ఫెర్గసన్‌లో మైకేల్ బ్రౌన్ పోలీసుల చేతుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. దేశమంతా అట్టుడికింది. 2015 మార్చిలో ఈ ఆల్బమ్ వచ్చింది.

ఒకసారి అట్ట మీది ఫొటో కూడా చూడండి. నలుపు తెలుపు బొమ్మ. వైట్ హౌస్ ముందు పచ్చిక మీద చొక్కాల్లేని నల్లజాతి యువకులూ పిల్లలూ డబ్బు కట్టలు పట్టుకుని సంబరం చేసుకుంటున్నారు. వాళ్ల కాళ్ల దగ్గర ఒక తెల్లజాతి న్యాయమూర్తి పడి ఉన్నాడు. ఇది గెలుపా, వెక్కిరింతా అని ఇప్పుడే తేల్చుకోకండి.

మొదటి విడత: మాటలు అర్థం కాకపోయినా సరే

మొదటిసారి సాహిత్యం తెరిచి పెట్టుకోకండి. కాంప్టన్ యాస, వేగం, శ్లేష కలిసి ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లకు కూడా సగం అందదు. అందనివ్వకండి. ఈ విడతలో మీరు వినవలసింది గొంతులు. కెండ్రిక్ ఒకే మనిషి అయినా, ఒక పాటలో కీచుగా పిల్లాడిలా, ఇంకోదాంట్లో బొంగురుగా, మరోచోట తాగి ఏడుస్తున్నట్టు పలుకుతాడు. గొంతు మారిన ప్రతిచోటా మాట్లాడే మనిషి మారాడని, లేదా అదే మనిషి మనసు స్థితి మారిందని అర్థం.

రెండోది వాయిద్యాలు. ఆ రోజుల్లో రాప్ పాటల్లో ఎక్కువ భాగం కంప్యూటర్‌లో కట్టిన దరువుల మీద నడిచేది. ఇక్కడ గదినిండా జాజ్ వాద్యకారులు ఉన్నారు: శాక్సఫోన్‌తో కమాసీ వాషింగ్టన్, టెరెస్ మార్టిన్, పియానోతో రాబర్ట్ గ్లాస్పర్. మొదటి పాటలో గొంతు కలిపిన జార్జ్ క్లింటన్ 1970లలో ఫంక్ సంగీతాన్ని ఏలినవాడు. చివరికి వెళ్లేసరికి ఐస్లీ బ్రదర్స్ బృందపు రోనాల్డ్ ఐస్లీ కూడా వస్తాడు. నల్లజాతి సంగీతంలో మూడు నాలుగు తరాలను ఒకే పందిట్లోకి పిలిచారన్న మాట. ఎవరి వాయిద్యం ఏదో గుర్తు పట్టలేకపోయినా ఫరవాలేదు. ఎక్కడ హాయిగా ఉంది, ఎక్కడ చెవికి ఇబ్బందిగా ఉంది అన్నది గమనించండి. ఇబ్బంది పెట్టిన చోట్లు కావాలని చేసినవే.

రెండో విడత: ఎవరు మాట్లాడుతున్నారు?

ఇప్పుడు సాహిత్యం ముందు పెట్టుకోండి. జీనియస్ లాంటి సైట్లలో పదపదానికీ వివరణలు దొరుకుతాయి. పేర్లు, సంఘటనలు తెలుసుకోవడానికి వాటిని వాడుకోండి. భావం విప్పి చెప్పేవాటిని మాత్రం మీరు సొంతంగా ఒక అభిప్రాయానికి వచ్చాకే చదవండి. వాటిలో సగం అభిమానుల ఊహాగానాలు.

ఒక కాగితం మీద ట్రాకుల పేర్లు రాసుకుని, ఒక్కోదాని పక్కన రెండే సంగతులు రాయండి. ఎవరు మాట్లాడుతున్నారు? ఎవరితో?

మొదటి పాట ‘వెస్లీస్ థియరీ’తో మొదలుపెడదాం. ఇందులో రెండు చరణాలు. మొదటిది ఇంకా పేరు రాని ఒక కుర్రాడి మాట: నాకు కాంట్రాక్టు దొరికితే చూడండి, ఏం చేస్తానో అని డాంబికాలు పలుకుతాడు. రెండో చరణంలో గొంతు మారుతుంది. ఇప్పుడు మాట్లాడేది అంకుల్ సామ్, అంటే అమెరికా ప్రభుత్వం. ఏం కావాలి నీకు, ఇల్లా, కారా, 40 ఎకరాలూ కంచరగాడిదా, పియానోనా, గిటారా అని అడుగుతాడు. అప్పు పెట్టి కొనుక్కో అంటాడు. నీకు 35 ఏళ్లు రాకముందే నీకు వెస్లీ స్నైప్స్ గతి పట్టిస్తానని కూడా చెబుతాడు. హాలీవుడ్ నటుడు స్నైప్స్ ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలు చేయని కేసులో 2008లో దోషిగా తేలి, 2010 చివర జైలుకు వెళ్లాడు. ఆ ‘40 ఎకరాల’ మాట ఇంకా పాతది. అంతర్యుద్ధం ముగింపులో, 1865 జనవరిలో జనరల్ షెర్మన్ విముక్తులైన బానిసల కుటుంబాలకు 40 ఎకరాల వరకూ భూమి ఇవ్వాలని ఉత్తర్వు వేశాడు. ఆ ఏడాది తిరగకుండానే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ దాన్ని తిరగదోడి భూమిని పాత యజమానులకు అప్పగించాడు. ఇచ్చి లాక్కున్న భూమిని ఇప్పుడు ఎర వేసి చూపిస్తున్నాడు అంకుల్ సామ్. ఆ వరుసను కాగితం మీద రాసి పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

రెండో ట్రాకులో తిడుతున్న ఆడమనిషి ఎవరో ఇప్పుడు చూడండి. ‘నువ్వు నాకేం ఇచ్చావు’ అని కసిరే ప్రియురాలిలా మొదలవుతుంది. చివరికి వచ్చేసరికి కెండ్రిక్ ఆమెను అమెరికా అని సంబోధించి, నేను ఏరిన పత్తితోనే నువ్వు సంపన్నురాలివయ్యావని గుర్తు చేస్తాడు. ముందు విన్నప్పుడు గోలగా తోచింది ఇప్పుడు లెక్కలు తేల్చుకునే తగవులా వినిపిస్తుంది.

మూడోది ‘కింగ్ కుంటా’. తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’గా మనకిచ్చారు. అది చదివినవాళ్లకు కుంటా కింటే ఎవరో, పారిపోయినందుకు అతని పాదం ఎలా నరికారో చెప్పక్కర్లేదు. అలాంటి పేరుకు ముందు ‘రాజు’ అని తగిలించి, ఆడించే దరువు మీద నేను పరుగులు తీస్తుంటే అందరూ నా కాళ్లు నరకాలని చూస్తున్నారని పాడతాడు కెండ్రిక్. చెవికి ఇది పొగరు పాట. కుంటా గతం తెలిసినవాళ్లకు ఆ పొగరు కింద నొప్పి కూడా తెలుస్తుంది.

ముక్కలుగా వచ్చే కవితను వెంబడించండి

‘కింగ్ కుంటా’ ముగిశాక సంగీతం ఆగి, కెండ్రిక్ మామూలు గొంతుతో రెండు మాటలు చెబుతాడు: నువ్వు సతమతమవడం నాకు గుర్తుంది, నీ పలుకుబడిని దుర్వినియోగం చేశావు అని. ఎవరితో అంటున్నాడో తెలియదు. తర్వాత అవే మాటలు తిరిగి వస్తాయి, వాటికి ఇంకో వాక్యం తోడవుతుంది: నేనూ ఒక్కోసారి అదే చేశాను. ఇలా పెరుగుతూ పోతుంది. బుర్రకథలో కథకుడు ఆగినచోట వంతలు అందుకుని, జరిగింది ఒకసారి తలచుకుని ముందుకు నడిపించినట్టు, ఈ కవిత ఒక పాటను రెండో పాటకు అందిస్తుంది. ప్రతిసారీ కొత్తగా చేరిన వాక్యాన్ని కాగితం మీద రాయండి. అది వెంటనే రాబోయే పాటకు సూచన.

‘దీస్ వాల్స్’ చివర దీని పని బాగా తెలుస్తుంది. ఆ పాట వినడానికి శృంగార గీతంలా ఉంటుంది. గోడలంటే మొదట స్త్రీ దేహం. మూడో చరణానికి వచ్చేసరికి అవి జైలు గది గోడలవుతాయి. లోపల ఉన్నవాడు కెండ్రిక్ స్నేహితుడిని చంపి శిక్ష అనుభవిస్తున్న మనిషి. బయట కెండ్రిక్ పడక పంచుకున్నది అతని బిడ్డ తల్లితో. ప్రేమతో కాదు, పగ తీర్చుకోవడానికి, తన పేరు ప్రతిష్ఠలను అడ్డం పెట్టుకుని. పలుకుబడిని దుర్వినియోగం చేయడమంటే ఏమిటో ఇక్కడ తెలుస్తుంది. అధికారాన్ని చెడుగా వాడే రాజ్యాన్ని మొదటి పాటలో చూపించినవాడు, అయిదో పాటలో తన చేతిలోని కాస్త అధికారాన్ని తానెలా వాడాడో చూపిస్తున్నాడు. పాట ముగిశాక కవితలో కొత్త మాట చేరుతుంది: హోటల్ గదిలో నేను అరుస్తూ ఉన్నాను.

‘యు’ వినకుండా ‘ఆల్‌రైట్’ వినొద్దు

ఆరో ట్రాకు ‘యు’. ఆ హోటల్ గది ఇదే. అరుపుతో మొదలవుతుంది, శాక్సఫోన్ కూడా గాయపడ్డట్టు అరుస్తుంది. నిన్ను ప్రేమించడం చిక్కుముడి అని ఒకే మాట పదేపదే. ఆ ‘నిన్ను’ అద్దంలో కనిపిస్తున్న తననే. నడుమ తలుపు తట్టిన చప్పుడు, గది శుభ్రం చేసే మనిషి స్పానిష్‌లో పిలుపు. లోపలివాడు తలుపు తీయడు. ఆ చప్పుడు తర్వాత రెండో సగం. సీసా గలగలలు, ఏడుపుతో పూడుకుపోయిన గొంతు. ఊళ్లో చెల్లెలు చిన్న వయసులోనే గర్భవతి అయితే నువ్వెక్కడున్నావు? ఆసుపత్రిలో ఉన్న స్నేహితుణ్ని చూడ్డానికి వెళ్లకుండా ఫోనులో వీడియోకాల్‌తో సరిపెట్టావు కదా? వేలమందికి నాయకుణ్నని చెప్పుకునేవాడివి ఇంట్లోవాళ్లకు ఏం చేశావు?

కష్టమైన పాట. నాలుగున్నర నిమిషాలు దాటదు గానీ పదిలా తోస్తుంది. దాటేయకండి.

ఎందుకంటే ఆ వెంటనే వచ్చేది ‘ఆల్‌రైట్’. ఫారెల్ విలియమ్స్ కూర్చిన ఆ దరువు, అంతా బాగవుతుంది అన్న ఆ పల్లవి, హోటల్ గదిలో కుప్పకూలినవాడి నోట్లోంచి వస్తున్నాయి. విడిగా వింటే ధైర్యవచనం. వరుసలో వింటే, తనను తాను చంపుకోకుండా ఆపుకోవడానికి మనిషి చెప్పుకునే మాట. పల్లవికి ముందు వచ్చే మాటలు జాగ్రత్తగా వినండి: పోలీసులు మమ్మల్ని వీధుల్లో చంపుతున్నారు, నేను మత బోధకుడి గుమ్మంలో ఉన్నాను, మోకాళ్లు వణుకుతున్నాయి, నా తుపాకి పేలవచ్చు. ప్రార్థనకు వచ్చినవాడి చేతిలోనే తుపాకి ఉంది.

ఇప్పుడు మీ కాగితం తీయండి. రెండో చరణంలో ఆ పాత వరుస మళ్లీ వినిపిస్తుంది: ఏం కావాలి నీకు, ఇల్లా, కారా, 40 ఎకరాలూ కంచరగాడిదా, పియానోనా, గిటారా? ఈసారి అడుగుతున్నది అంకుల్ సామ్ కాదు. నా పేరు లూసీ అని చెప్పుకుంటుంది. లూసీ అంటే లూసిఫర్, సైతాను. ప్రభుత్వం చూపిన ఎరనే సైతాను చూపిస్తున్నది, అదీ ఆశకు మారుపేరైన పాటలోనే. 2015 జులైలో క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ దగ్గర పోలీసులతో ఘర్షణ పడిన జనం పాడుకున్నది పల్లవినే, వాళ్లకు ఆ క్షణంలో కావలసింది అదే. ఇంట్లో కూర్చుని వినే మనకు చరణాలు వినే వీలుంది.

డాలరు ఖరీదు

‘మామా’లో కెండ్రిక్ ఆఫ్రికాకు, ఇంటికి, వెళతాడు. ‘హుడ్ పాలిటిక్స్’ ఒక ఫోను సందేశంతో మొదలవుతుంది. ఇదేం విచిత్రమైన రాప్ రా అని ఊళ్లోని స్నేహితుడి గొణుగుడు. మీకూ అదే అనిపిస్తుంటే మీరు ఒంటరి కాదు. ఆ పాటలోనే డెమోక్రాట్లు, రిపబ్లికన్ల పార్టీ పేర్లలోకి క్రిప్స్, బ్లడ్స్ ముఠాల పేర్లు చొప్పించి ఒక చమత్కారం చేస్తాడు. నవ్వుకుని ముందుకు వెళ్లండి.

పదకొండో ట్రాకు ‘హౌ మచ్ ఎ డాలర్ కాస్ట్’ దగ్గర నిదానించండి. ఇది ఒక చిన్న కథ. బరాక్ ఒబామా 2015లో తనకు బాగా నచ్చిన పాట ఇదేనన్నారు. దక్షిణాఫ్రికాలో ఒక పెట్రోలు బంకు. ఖరీదైన కారులో వచ్చిన కెండ్రిక్‌ను ఇల్లూ వాకిలీ లేని ఒక మనిషి పది రాండ్లు అడుగుతాడు. అప్పట్లో అది ఇంచుమించు ఒక డాలరు. ఇవ్వడు. మాదకద్రవ్యానికేలే అనుకుంటాడు. ఆ మనిషి అక్కడి నుంచి కదలడు, కళ్లలోకి చూస్తూ నిలబడతాడు. బైబిలులోని నిర్గమకాండం 14వ అధ్యాయం చదివావా అని అడుగుతాడు. బానిసలుగా ఉన్న ఇశ్రాయేలీయులు సముద్రాన్ని దాటే అధ్యాయం అది. కెండ్రిక్‌కు కోపం పెరుగుతుంది. నా కష్టార్జితం, ప్రతి పైసా నాదే అంటాడు. ఆఖరికి ఆ మనిషి తాను దేవుణ్నని చెప్పి, ఆ డాలరు ఖరీదు స్వర్గంలో నీ చోటు అంటాడు.

దేవుడు బిచ్చగాడి వేషంలో రావడం మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన కథే. కాబట్టి మలుపు మీద కాకుండా, దానికి ముందు కెండ్రిక్ మనసులో జరిగే వాదన మీద చెవి పెట్టండి. సాకులు ఎంత సహజంగా వస్తాయో చూడండి. తాగుబోతు అయి ఉంటాడు. ఒకడికిస్తే పదిమంది వస్తారు. నేనూ పేదరికం చూసి వచ్చినవాణ్నే. సిగ్నల్ దగ్గర కారు అద్దం పైకెత్తుతూ మనం చెప్పుకునే మాటలే. మొదటి పాటలో తన వాళ్లను దోచుకునే దేశం మీద విరుచుకుపడ్డవాడికి తన జేబులోంచి ఒక్క డాలరు తీయడం చేతకాలేదు. చివర రోనాల్డ్ ఐస్లీ ముసలి గొంతు క్షమాపణ వేడుకుంటుంది. కెండ్రిక్ దాన్ని తన గొంతుతో పాడకపోవడమే బాగుంది.

చర్మం రంగు, అడ్డు తగిలే చివరి వాక్యం

‘కాంప్లెక్షన్’ చాయల గురించి. వధువు కావలెను ప్రకటనల్లో ‘తెల్లని’ అన్న మాట చదివి పెరిగిన మనకు దీనికి వివరణ అక్కర్లేదు. అయితే రాప్సొడి చరణం రెండుసార్లు వినండి. ఆల్బమ్‌లో రాప్ చేసిన స్త్రీ ఆమె ఒక్కతే, చిన్నప్పుడు తన నలుపు చూసి తాను పడ్డ బాధను సూటిగా చెబుతుంది.

వెంటనే ‘ద బ్లాకర్ ద బెర్రీ’. వాలెస్ థర్మన్ 1929లో రాసిన నవల పేరు కూడా అదే. ఆల్బమ్‌లో ఇంత మండిపాటు మరెక్కడా లేదు. ప్రతి చరణం మొదట్లోనూ నేనే 2015లో అందరికంటే పెద్ద కపటిని అంటాడు. ఎందుకో చెప్పడు. నల్లజాతిని ద్వేషించేవాళ్లను మూడు చరణాల పాటు చీల్చి చెండాడతాడు. వింటున్నవాడి పిడికిలి బిగుస్తుంది. అప్పుడు చివరి వాక్యంలో కారణం చెబుతాడు: 2012లో ఫ్లోరిడాలో 17 ఏళ్ల నల్లజాతి కుర్రాడు ట్రేవాన్ మార్టిన్ కాల్పులకు బలైనప్పుడు నేనెందుకు ఏడ్చాను, ముఠా పోరులో నాకంటే నల్లవాణ్ని నేనే చంపినప్పుడు? అతని మాటలు అక్కడ తెగిపోతాయి.

ఈ వాక్యం మీద అప్పుడే గొడవ జరిగింది, మీరూ ఒక పక్షం తీసుకోవలసిందే. ముఠా హత్యలనూ, ఆయుధం పట్టిన వ్యవస్థ చేసే హత్యలనూ ఒకే తక్కెడలో వేయడం బాధితుల మీద నింద మోపడమే అన్నది విమర్శ. 2015 జనవరిలో ఒక పత్రిక ఇంటర్వ్యూలో, మనల్ని మనం గౌరవించుకోకపోతే ఇతరులు ఎలా గౌరవిస్తారని కెండ్రిక్ అన్నాడు. ఆ మాట విమర్శకు ఇంకా బలమిచ్చింది. నాకు ఆ ఇంటర్వ్యూ మాట నచ్చదు, ఆ పాట నచ్చుతుంది. ఇంటర్వ్యూలో అతను ఇతరులకు బుద్ధి చెబుతున్నాడు. పాటలో ‘నేను’ అంటున్నాడు. ఆ ‘నేను’ హంతకుడు కావచ్చు, కాంప్టన్ మొత్తం కావచ్చు. ‘యు’ విన్నవాళ్లకు ఆ కపటి ఎవరో ముందే పరిచయం.

‘యూ ఎయింట్ గాటా లై’ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. రెండు బరువైన పాటల మధ్య కాస్త ఊపిరి తీసుకునే చోటు.

‘ఐ’: రెండు ప్రతులు పక్కపక్కన పెట్టి

ఇక్కడ ఒక చిన్న ప్రయోగం. ‘ఐ’ పాట 2014 సెప్టెంబరులో విడిగా వచ్చింది, రెండు గ్రామీలు తెచ్చుకుంది. ఐస్లీ బ్రదర్స్ పాత పాట గిటార్ మీద కట్టిన, నన్ను నేను ప్రేమించుకుంటాను అనే హుషారు పాట. ముందు ఆ విడి ప్రతి వినండి. తర్వాత ఆల్బమ్ ప్రతి వినండి. ఇక్కడ అది వేదిక మీద పాడుతున్నట్టు ఉంటుంది, జనం అరుపులు వినిపిస్తాయి. పాట సగంలో గుంపులో కొట్లాట మొదలవుతుంది. కెండ్రిక్ పాట ఆపేస్తాడు. ఈ ఏడాది మనవాళ్లను ఎంతమందిని పోగొట్టుకున్నాం, ఇక చాలు అని బతిమాలుతాడు. తాళం లేకుండా మాటలతో ముగిస్తాడు. రేడియోలో మోగిన విజయగీతాన్ని తన చేత్తోనే చెడగొట్టుకున్నాడు. ‘యు’, ‘ఐ’ రెండు పేర్లూ కావాలనే చిన్న అక్షరాలతో రాశారు. ఒకదాని వెంట ఇంకొకటి వినండి, ‘ఐ’లోని ప్రేమ ఎక్కడి నుంచి ఈదుకుంటూ వచ్చిందో తెలుస్తుంది.

చివరి పాట

‘మోర్టల్ మ్యాన్’ పన్నెండు నిమిషాలకు పైనే. పాట భాగంలో అతను అభిమానిని అడుగుతాడు: నాకు కష్టం వచ్చి, నా పేరు చెడితే అప్పుడూ నా వెంట ఉంటావా? ఆ తర్వాత ముక్కలుగా విన్న కవిత మొత్తం ఒకేసారి చదువుతాడు. అప్పుడు కాగితం మీద మీరు రాసుకున్నది పక్కన పెట్టి చూసుకోండి. ఇన్నాళ్లూ ‘నువ్వు’ అంటున్నది ఎవరినో కూడా తెలుస్తుంది. ఎదురుగా టూపాక్ ఉన్నాడు. అతను జవాబిస్తాడు కూడా. 1994లో స్వీడన్ రేడియో పాత్రికేయుడు మాట్స్ నీలెస్కేర్ చేసిన ఇంటర్వ్యూలోని టూపాక్ గొంతును తీసుకుని, మధ్యలో తన ప్రశ్నలు పేర్చాడు కెండ్రిక్. పేదవాళ్ల గురించీ, రాబోయే తిరుగుబాటు గురించీ టూపాక్ మాటలు ఇరవై ఏళ్ల తర్వాతవిలా వినిపిస్తాయి.

చివర కెండ్రిక్ గొంగళి పురుగు, సీతాకోకచిలుకల గురించి స్నేహితుడు రాసిన ఒక చిన్న రచన చదివి, నువ్వేమంటావు అని టూపాక్‌ను అడుగుతాడు. జవాబు లేదు. పేరు పెట్టి పిలుస్తాడు. అయినా లేదు. నాయకుణ్ని వెతుక్కుంటూ వచ్చినవాడికి దొరికింది నిశ్శబ్దమే. దీనికి అర్థం చెప్పే వివరణలు చాలానే దొరుకుతాయి. కనీసం ఒక రాత్రి వాటిని తెరవకుండా ఉండండి.

ఒక మర్యాద

నల్లజాతివాళ్లను కించపరచడానికి పుట్టిన ఒక మాట ఈ ఆల్బమ్ నిండా వినిపిస్తుంది. ఆల్బమ్ మొదలయ్యేదే ఆ మాట ఉన్న బోరిస్ గార్డినర్ పాత పాట ముక్కతో. వాళ్లు తమలో తాము వాడుకునే తీరు వేరు, మనం వాడటం వేరు. 2018లో అలబామాలో జరిగిన సంగీతోత్సవంలో వేదిక మీదికి వచ్చిన తెల్లజాతి అభిమాని ఒకామె పాటతో పాటు ఆ మాటనూ పలికితే, కెండ్రిక్ సంగీతం ఆపించి ఆమెను సరిదిద్దాడు. అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలు కారులో గొంతు కలిపేటప్పుడు కూడా ఆ ఒక్క మాట దగ్గర ఆగడం మంచిది. ఒంటిరంగు మనదీ గోధుమే కదా అన్న వాదన అక్కడ చెల్లదు.

ఆ తర్వాత ఏం వినాలి?

2012 నాటి ‘గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ’కి వెనక్కి వెళితే ‘దీస్ వాల్స్’లోని హత్య వెనక కథ తెలుస్తుంది. 2017 నాటి ‘డ్యామ్’కు 2018లో పులిట్జర్ బహుమతి వచ్చింది. శాస్త్రీయ సంగీతం, జాజ్ కానిదానికి ఆ బహుమతి దక్కడం అదే మొదటిసారి. అయినా నా లెక్కలో అది దీనికంటే ఒక మెట్టు కిందే. వాయిద్యాల కోసం ఇందులోకి వచ్చినవాళ్లు 2015లోనే విడుదలైన కమాసీ వాషింగ్టన్ ‘ది ఎపిక్’ వినవచ్చు, మూడు గంటలు తీరిక ఉంటే.

నన్నడిగితే ముందు రాప్సొడి 2019లో తెచ్చిన ‘ఈవ్’ తెరవండి. అందులో ప్రతి పాటకూ ఒక నల్లజాతి స్త్రీ పేరు పెట్టింది. కెండ్రిక్ ఆల్బమ్‌లో ఆడవాళ్లు తల్లులుగా, ప్రియురాళ్లుగా, సైతానుగా వస్తారు గానీ, సొంత మాట చెప్పుకునే చోటు వాళ్లకు ఒక్క చరణమే దొరికింది. ఆ చరణం చెప్పినామెకు ఆల్బమ్ మొత్తం దొరికితే ఏం మాట్లాడుతుందో అందులో ఉంది.